స్పీడ్‌ బ్రేకర్‌ కాదు.. తగ్గిన వేగం అడగండి

మట్టి రోడ్డు ఉన్నన్నాళ్లూ ఆ వీధిలో స్పీడ్‌ బ్రేకర్‌ కావాలని ఎవరూ అడగరు. గుంతలే ఆ పని చేసిపెడతాయి. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. బండి ఎంత కొత్తదైనా రెండో గేరు దాటదు. తర్వాత ఎన్నో అర్జీలు పెట్టగా పెట్టగా సీసీ రోడ్డు వస్తుంది. కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు దిగుతారు. నెల తిరిగేసరికి అదే వీధిలో ఓ పెద్దావిడ అవతలి వైపు కిరాణా కొట్టుకి వెళ్లడానికి గేటు పట్టుకుని నిలబడి ఉంటుంది. బళ్లు ఆగితే దాటుదామని. అవి ఆగవు.

రోడ్డు బాగుపడిందని బాధపడేవాళ్లు ఉండరు. కానీ రోడ్డుతోపాటు వేగం కూడా వస్తుందని ముందే ఆలోచించేవాళ్లూ ఉండరు. చిక్కంతా అక్కడే.

తిరువూరు వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఊరి మీదుగా వెళ్లేది 30వ నంబరు జాతీయ రహదారి. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై మన ఇబ్రహీంపట్నం దగ్గర ఆగుతుంది. మనవైపు ముక్కని పాతవాళ్లు ఇంకా 221 అనే అంటారు. భద్రాచలం బస్సులు, కొత్తగూడెం వైపు లారీలు, సరిహద్దు దాటి అటూ ఇటూ తిరిగే ఆటోలు, మామిడికాయల సీజన్లో వ్యాన్లు, ట్రాక్టర్లు. బోసుబొమ్మ సెంటర్‌ దగ్గర కాసేపు ఇరుక్కుంటే చాలు, బైకు మీదున్న కుర్రాడు పక్క వీధిలోకి తిప్పేస్తాడు. హైవే మీద 60లో వచ్చిన కంటికి వీధిలో 40 అంటే నడకలాగే కనిపిస్తుంది. తను నెమ్మదిగానే వెళ్తున్నానని నిజంగా నమ్ముతాడు. అబద్ధం కాదు, కన్ను అలా అలవాటుపడిపోతుంది.

ఆ కుర్రాడు మీరే కావచ్చు. కోచింగ్‌కి టైమైపోతోందని, లైబ్రరీలో సీటు దొరకదని, ఊరికే గాలి కోసమని. అందుకే ఈ మాటలు ఊరి పెద్దలతో కాకుండా మీతో చెబుతున్నా. వీధిలో వేగం పెంచేదీ ఎక్కువగా మీ వయసు వాళ్లే, దాన్ని తగ్గించమని నాలుగు ముక్కలు సరిగ్గా రాయగలిగేదీ మీ వయసు వాళ్లే.

మామూలుగా ఏం జరుగుతుందో చూద్దాం. వీధిలో ఎవరో పిల్లాడికి బండి తగులుతుంది. ఆ సాయంత్రం అందరికీ కోపం వస్తుంది. మర్నాటి రాత్రి ఏదో ఇంటి పనిలో మిగిలిన సిమెంటు, కంకర కలిపి నలుగురు కుర్రాళ్లు రోడ్డుకి అడ్డంగా ఓ గట్టు పోసేస్తారు. అడుగు వెడల్పు, ఇటుకంత ఎత్తు. రంగు ఉండదు, బోర్డు ఉండదు, పైన లైటు కూడా ఉండదు. వేసినవాళ్లకి మంచి చేశామన్న తృప్తి. తర్వాతి వారం రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేవాడెవడో దాని మీద ఎగిరి పడతాడు. ఇలాంటి గట్టుని నేను ఎంతమాత్రం సమర్థించను. హైదరాబాద్‌లో గంగాధర్‌ తిలక్‌ కాట్నం అనే విశ్రాంత రైల్వే ఉద్యోగి సొంత చేతులతో రోడ్ల మీద గుంతలు పూడ్చి ‘రోడ్‌ డాక్టర్‌’గా పేరు తెచ్చుకున్నారు. ఆయన్ని చూసి మనమూ చేయొచ్చు కదా అంటారేమో. గుంత పూడ్చడం ప్రమాదాన్ని తీసేయడం. చీకట్లో గట్టు పోయడం కొత్త ప్రమాదాన్ని పెట్టడం. రెండూ ఒకటి కావు.

పైగా ఆ గట్టు పనిచేయదు కూడా. దీని వెనక కాస్త ఇంజినీరింగ్‌ ఉంది. 1973లో బ్రిటన్‌ రవాణా పరిశోధన సంస్థలో వాట్స్‌ అనే ఆయన రకరకాల దిమ్మల మీద బళ్లు నడిపించి చూశాడు. సన్నగా, నిటారుగా ఉన్న దిమ్మ మీద నెమ్మదిగా వెళ్లేవాడికే కుదుపు ఎక్కువ. వేగంగా వచ్చే కారు చక్రాలు దాన్ని చటుక్కున దాటేస్తాయి, స్ప్రింగులు ఆ దెబ్బని మింగేస్తాయి. అంటే సైకిలు మీద వెళ్లే తాతకీ, ఆటోలో ఉన్న గర్భిణికీ శిక్ష. దూసుకెళ్లేవాడికి ఏమీ లేదు. అదే దిమ్మ వెడల్పుగా, వంపుగా ఉంటే లెక్క తిరగబడుతుంది. నెమ్మదిగా వెళ్తే ఉయ్యాల ఊగినట్టుంటుంది, వేగంగా వెళ్తే నడుం పట్టేస్తుంది. మన ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ 1988లో తెచ్చిన 99వ నంబరు మార్గదర్శకాల్లో ఉన్నది ఆ కొలతే. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటడానికి. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, దిమ్మ మీద కనిపించే చారలు కూడా అందులో భాగమే. 2018లో ఆ మార్గదర్శకాలని సవరించినప్పుడు పేరే మారిపోయింది. ఇప్పుడవి స్పీడ్‌ బ్రేకర్ల గురించి కాదు, ట్రాఫిక్‌ కామింగ్‌ గురించి. అంటే బండి వేగానికి కళ్లెం వేసే పద్ధతులన్నిటి గురించి.

మీ వీధిలో ఇప్పుడున్న దిమ్మని ఓసారి టేపు పెట్టి కొలవండి. 3.7 మీటర్లు అంటే పన్నెండు అడుగులు. మీకే నవ్వొస్తుంది.

అన్నట్టు, ఇంటర్‌లో కాంప్టన్‌ ఎఫెక్ట్‌ చదివే ఉంటారు. 1927లో నోబెల్‌ అందుకున్న ఆ ఆర్థర్‌ కాంప్టనే, 1953లో అమెరికాలోని సెయింట్‌ లూయిస్‌లో తన విశ్వవిద్యాలయం ముందు బళ్లు మరీ జోరుగా పోతున్నాయని కూర్చుని రోడ్డు దిమ్మలకి డిజైన్‌ వేశాడు. నోబెల్‌ వచ్చినాయనకే ఇది చిన్న పనిగా అనిపించలేదు.

ఇక వేగం ఎంత తగ్గాలి, ఎందుకు తగ్గాలి అన్నది. పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి ఇది నోటి లెక్క. గంటకు 40 కిలోమీటర్లని 5/18తో గుణిస్తే సెకనుకు 11 మీటర్లు. వీధిలోకి బంతి దొర్లింది, వెనకాలే పిల్లాడు పరిగెత్తాడు. మీ కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీదకి వెళ్లడానికి ఒక సెకను వేసుకుందాం. ఆ సెకనులో బండి 11 మీటర్లు వెళ్లిపోయింది. బ్రేకు పడ్డాక పూర్తిగా ఆగడానికి, పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, ఇంకో 12 మీటర్లు. మొత్తం 23. అదే 20లో వెళ్తుంటే? ఆలోచనకి ఐదున్నర, బ్రేకుకి మూడు. తొమ్మిది మీటర్లలోపే ఆగిపోతుంది. వేగం సగమైతే బ్రేకు దూరం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఇప్పుడు ఆ పిల్లాడు మీకు 15 మీటర్ల దూరంలో రోడ్డు మీదకి వచ్చాడనుకోండి. 20లో ఉన్నవాడు ఆరు మీటర్ల ముందే ఆగి ‘ఒరేయ్‌, చూసుకోవా’ అని కేకేస్తాడు. 40లో ఉన్నవాడు పిల్లాడి దగ్గరికి చేరేసరికి బండి ఇంకా 33 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఇద్దరూ మంచి డ్రైవర్లే. ఇద్దరూ ఒకే క్షణంలో చూశారు. తేడా అంతా స్పీడోమీటర్‌లోనే ఉంది.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు, మనుషులూ బళ్లూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే గరిష్ఠంగా ఉండాలని అడిగింది ఇందుకే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు.

సరే, అర్జీ రాద్దాం. ‘మా వీధిలో స్పీడ్‌ బ్రేకర్‌ వేయించగలరు’ అని ఒక్క వాక్యం రాసి ఇరవై సంతకాలు పెట్టించి ఇస్తే ఏమవుతుంది? అలాంటివి ఆఫీసులో కట్టలు కట్టలుగా ఉంటాయి. ఏ వీధికి ముందు వేయాలో తేల్చుకోడానికి వాళ్ల దగ్గర ఆధారం ఉండదు. చివరికి ఎవరి మాట గట్టిగా వినిపిస్తే వాళ్ల ఇంటి ముందు పడుతుంది. మీరు మందు పేరు చెప్పకండి, జబ్బు చెప్పండి. అంకెలతో చెప్పండి.

అంకెలు తేవడానికి స్పీడ్‌ గన్‌ అక్కర్లేదు. వీధిలో తిన్నగా ఉన్న చోట టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దముక్కతో గీత గీయండి. ఒకరు మొదటి గీత దగ్గర చెయ్యి ఊపాలి, రెండో గీత దగ్గర ఉన్నవాళ్లు ఫోన్లో స్టాప్‌వాచ్‌ నొక్కాలి. తొమ్మిది సెకన్లు పడితే ఆ బండి వేగం 20. ఆరు పడితే 30. నాలుగే పడితే 45. అర సెకను అటూ ఇటూ అయినా లెక్క మారుతుంది, అందుకే ఒక్క బండిని చూసి కాకుండా కనీసం వంద బళ్లకి తీయండి. బడికి వెళ్లే వేళ కొన్ని, సాయంత్రం కొన్ని, రాత్రి తొమ్మిది తర్వాత కొన్ని. మీరు గోడ పక్కన, అరుగు మీద ఉండి తీయండి. పుస్తకం పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడితే బళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి, మీ లెక్క చెడిపోతుంది. బండి నంబర్లు రాయొద్దు, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. మనం పట్టుకోవాల్సింది వేగాన్ని. ఫలానావాళ్ల అబ్బాయి అని పేరు బయటికొస్తే రేపు సంతకం పెట్టాల్సిన ఇంటివాళ్లే మీకు ఎదురుతిరుగుతారు.

వంద వేగాలనీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా రాయండి. 85వ అంకె దగ్గర గుండ్రంగా చుట్టండి. జేఈఈ రాసినవాళ్లకి పర్సంటైల్‌ గురించి నేను చెప్పాలా! ట్రాఫిక్‌ ఇంజినీర్లు రోడ్డు సంగతి తేల్చుకునేది ఈ 85వ పర్సంటైల్‌ వేగంతోనే. అర్జీలో ఆ మాట కనిపించిందంటే ఇంజినీరు గారు కళ్లజోడు సర్దుకుని రెండోసారి చదువుతారు.

ఇంకో పని కూడా ముందే చేసుకోవాలి. ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోవాలి. కాలనీ లోపలి వీధి అయితే తిరువూరు నగర పంచాయతీది. పక్క ఊరికి వెళ్లే రోడ్డు అయితే ఆర్‌ అండ్‌ బీదో, పంచాయతీరాజ్‌దో కావచ్చు. జాతీయ రహదారి అయితే దాని విభాగం వేరు. అక్కడ వీధిలో వేసే దిమ్మలు కుదరవు, కాబట్టి అడగాల్సిందీ వేరే. దాటే చోట జీబ్రా గీతలు, హెచ్చరిక బోర్డులు, రోడ్డు మీద మందపాటి చారలు, వీధి దీపం. ఈ తేడా తెలియక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగే అర్జీలే ఎక్కువ. వార్డు సచివాలయంలో ఎమినిటీస్‌ సెక్రటరీని అడిగితే రోడ్డు ఎవరిదో చెబుతారు. ఐదు నిమిషాల పని.

అర్జీ పొడుగ్గా ఉండక్కర్లేదు. ఇలా రాయొచ్చు (అంకెలు ఊరికే ఉదాహరణకి).

‘కమిషనర్‌ గారికి. మా వీధి పొడవు 240 మీటర్లు. అంగన్‌వాడీ, ఒక ప్రాథమిక పాఠశాల ఉన్నాయి. ఫలానా తేదీల్లో మేం 120 బళ్ల వేగం లెక్కించాం. 85వ పర్సంటైల్‌ వేగం 43 కిలోమీటర్లు. లెక్కల కాగితం జతచేశాం. ఈ వీధిలో వేగం 25కి తగ్గేలా ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల ప్రకారం తగిన చర్యలు తీసుకోవాలని, అంతకుముందు మీ ఇంజినీరు ఒకసారి వచ్చి చూడాలని కోరుతున్నాం. ఎక్కడ ఏది పెట్టినా తమకు అభ్యంతరం లేదని ఆ చోట ఇళ్లవాళ్లు చేసిన సంతకాలు వెనక ఉన్నాయి.’

ఆ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. స్పీడ్‌ బ్రేకర్‌ అందరికీ కావాలి, తమ గేటు ముందు మాత్రం వద్దు. ఇది స్వార్థమని కొట్టిపారేయకండి. దిమ్మ ముందు ఇంట్లో రాత్రంతా బ్రేకుల కీచుమన్న చప్పుడు, ఖాళీ ట్రాలీ దడదడ. సరిగ్గా వేయకపోతే వాన నీళ్లు దిమ్మ దగ్గర ఆగి వాళ్ల వాకిట్లోకే వస్తాయి. అంచుల్లో కాలువ వైపు నీళ్లు పోయేలా ఖాళీ వదలమని అర్జీలోనే రాయించండి. ఆ ఇంటి పెద్దాయన్ని ముందే కలిసి ‘బాబాయ్‌ గారూ, ఇక్కడ పడితే మీకేమైనా ఇబ్బందా?’ అని అడగండి. రోడ్డు పడ్డాక అడిగితే గొడవ, ముందే అడిగితే సలహా. నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, అంబులెన్సు సంగతేంటని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. ఇటుకంత గట్టుకైతే వాళ్ల భయం నిజం. పన్నెండు అడుగుల వంపుకి అంత భయం అక్కర్లేదని కాగితం మీద బొమ్మ వేసి చూపించండి.

అసలు చాలా వీధులకి దిమ్మ అక్కర్లేకపోవచ్చు కూడా. మూల మీద కనిపించకుండా అడ్డుపడే కొమ్మలు కొట్టేసి, అక్కడ నిలిపే బళ్లని తీయిస్తే చాలేమో. వీధి మొదట్లోనే రోడ్డుని కాస్త ఇరుకు చేస్తే మలుపు తిప్పేవాడు తనంతట తనే నెమ్మదిస్తాడు. బడి ముందు మనుషులు దాటే చోటునే ఎత్తుగా, బల్లలాగా కట్టొచ్చు. వీధి పొడవైతే ఒక్క దిమ్మ వల్ల లాభం లేదు, దాటగానే మళ్లీ గేరు మారుస్తారు. వంద, నూట ఇరవై మీటర్లకి ఒకటి చొప్పున ఉండాలి. ఇందులో ఏది సరిపోతుందన్నది చదువుకున్న ఇంజినీరు తేల్చాలి. మనం అడగాల్సింది 25 అనే అంకెని.

అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోండి. స్టాంపు, తేదీ, నంబరు లేకపోతే ఆ కాగితం ఇచ్చినట్టే కాదు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది. తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్‌ జిల్లాలో రెవెన్యూ డివిజన్‌ కేంద్రం కూడా, ప్రతిదానికీ విజయవాడ బస్సెక్కక్కర్లేదు. ఒక ప్రతి పోలీస్‌ స్టేషన్‌లో, ఒకటి కౌన్సిలర్‌కి. నెలన్నర చూసినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒకే ప్రశ్న అడగండి. ‘ఫలానా నంబరు అర్జీ మీద ఈ రోజు వరకు ఏ చర్య తీసుకున్నారు? ఆ ఫైలు నోట్‌ ప్రతులు ఇవ్వండి.’ 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ఎందుకు వేయలేదు?’ అని అడగకండి. అది పోట్లాట ప్రశ్న, దానికి జవాబు తప్పించుకోవడం తేలిక. కాగితం అడిగితే తప్పించుకోవడం కష్టం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఎ అనే సెక్షన్‌ వచ్చింది. రోడ్డు డిజైన్‌, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించక ప్రాణనష్టమో, వైకల్యమో జరిగితే బాధ్యులైన అధికారికీ, కాంట్రాక్టరుకీ లక్ష రూపాయల దాకా జరిమానా. బెదిరించడానికి కాదు, తెలిసి ఉండటానికి చెబుతున్నా.

అదే సవరణలో 199ఎ కూడా ఉంది. దాన్ని మాత్రం ఇంట్లో తమ్ముళ్లకీ, వాళ్ల చేతికి తాళం ఇచ్చే నాన్నలకీ చదివి వినిపించాలి. మైనర్‌ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్‌ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్స్‌ లైసెన్సు కూడా రాదు. డిగ్రీ అయ్యాక డెలివరీ ఉద్యోగానికీ, డ్రైవర్‌ పోస్టుకీ పనికిరాకుండా పోవడమంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. సీసీ రోడ్ల మీద స్కూటీలు నడిపే తొమ్మిదో తరగతి పిల్లలు ఎంతమందో లెక్కల కాగితంలో మీకే తేలుతుంది.

ఇదంతా మన దేశంలో అయ్యే పనా అంటారు కొందరు. సైకిళ్ల దేశమని మనం మెచ్చుకునే నెదర్లాండ్స్‌ పుట్టుకతో అలా లేదు. 1971లో అక్కడ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న విక్‌ లాంగెన్‌హాఫ్‌ అనే పాత్రికేయుడు 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే శీర్షికతో పత్రికలో రాశాడు. ఆ శీర్షికే ఉద్యమం పేరైంది. తల్లులూ తండ్రులూ పిల్లలతో సహా వీధుల్లో కూర్చున్నారు. అప్పటికే డెల్ఫ్ట్‌ పట్టణంలో ఇళ్ల మధ్య వీధుల్ని బళ్లు నడక వేగంతో వెళ్లేలా మలుస్తున్నారు. 1976 కల్లా అలాంటి వీధికి చట్టంలోనే చోటు దొరికింది. ఏ దేశానికైనా మొదలు ఒక వీధే.

ఈ పని మీకు నచ్చితే ఇందులో బతుకుతెరువు కూడా ఉంది. సివిల్‌ వాళ్లకి గేట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్‌ ఒక భాగం. నిట్‌ వరంగల్‌లో అందులో ఎంటెక్‌ చేయొచ్చు. ఇంటర్‌ తర్వాతే ప్లానింగ్‌ వైపు వెళ్లాలంటే విజయవాడలో 2008లో మొదలైన స్కూల్‌ ఆఫ్‌ ప్లానింగ్‌ అండ్‌ ఆర్కిటెక్చర్‌ ఉంది. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావు?’ అంటే నెట్‌ నుంచి దించిన వంతెన డిజైన్‌ చూపించడం కన్నా, మా వీధిలో వంద బళ్ల వేగం తీశాను అని ఆ కాగితం ముందు పెట్టడం నా దృష్టిలో ఎక్కువ విలువైనది.

దిమ్మ పడిందనుకుందాం. మొదటి వారంలో మళ్లీ సుద్దగీతలు గీసి, అవే గంటల్లో, అంతే సంఖ్యలో బళ్లు లెక్కపెట్టండి. 43 కాస్తా 28 అయితే పని జరిగినట్టు. 40 దగ్గరే ఉంటే కొలతలు తప్పాయన్నమాట. టేపు తీసుకెళ్లి వెడల్పు చూసి మళ్లీ రాయండి. రెండు వానాకాలాలు పోయేసరికి తెల్లచారలు చెరిగిపోతాయి, రాత్రి దిమ్మ కనబడదు. అప్పుడు కొత్త అర్జీ రెండు లైన్లు చాలు. పైన పాత నంబరు వేయడం మర్చిపోకండి.